తన తాళం తనకే అడ్డు: ఫైల్‌సిస్టమ్‌లో మెమరీ డెడ్‌లాక్‌పై అపోహలు – వాస్తవాలు

అపోహ: సర్వర్‌లో ర్యామ్ దండిగా ఉంటే ఈ డెడ్‌లాక్ బెడద ఉండదు.

లినక్స్ ర్యామ్‌ను ఊరికే ఉండనివ్వదు. చదివిన ఫైళ్ల పేజీలు, ఐనోడ్‌లు, డెంట్రీలు అన్నిటినీ కాష్‌లో పేరుస్తూ పోతుంది. 256 జీబీ యంత్రంలోనైనా ఫైళ్ల పని జోరందుకుంటే ఖాళీ పేజీలు తరిగిపోవడం మామూలే. వెనకాల కెస్వాప్‌డీ వాటిని ఖాళీ చేస్తూనే ఉంటుంది. అది అందుకోలేకపోతే, మెమరీ అడిగిన థ్రెడ్డే ఆ పనికి దిగాలి. దీన్నే డైరెక్ట్ రీక్లెయిమ్ అంటారు.

చిక్కంతా ఇక్కడే. ఒక థ్రెడ్ ఫైల్‌సిస్టమ్ ట్రాన్సాక్షన్ తెరిచి, జర్నల్‌లో చోటు తీసుకుని, మధ్యలో ఓ చిన్న బఫర్ కోసం మెమరీ అడుగుతుంది. ఖాళీ లేదు, రీక్లెయిమ్ మొదలైంది. వాడుకలో లేని ఐనోడ్ ఒకటి దానికి దొరికింది. దాన్ని తీసేయాలంటే మళ్లీ ఫైల్‌సిస్టమ్ కోడ్‌లోకే వెళ్లాలి, అక్కడ ఇంకో ట్రాన్సాక్షన్‌కు జర్నల్‌లో చోటు కావాలి. ఆ చోటు దొరకాలంటే మొదటి ట్రాన్సాక్షన్ ముగియాలి. అదేమో మెమరీ కోసం ఆగి ఉంది. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తలుపు మూసినట్టే.

అపోహ: మెమరీ దొరక్కపోతే ఎర్రర్ వస్తుంది, కోడ్ వెనక్కి తగ్గుతుంది.

పాఠ్యపుస్తకాల్లో అంతే. నిజం కెర్నెల్‌లో 8 పేజీల దాకా, అంటే 4 కేబీ పేజీలైతే 32 కేబీ దాకా, మామూలుగా అడిగితే కెర్నెల్ ‘లేదు’ అనడం చాలా అరుదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఒకవేళ ‘లేదు’ అన్నా, సగంలో ఉన్న ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తిప్పడం తేలిక కాదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో మార్పులు మొదలైన ట్రాన్సాక్షన్‌ను రద్దు చేస్తే ఫైల్‌సిస్టమ్ మొత్తం షట్‌డౌన్ అవుతుంది.

అపోహ: ఈ డెడ్‌లాక్‌ను తప్పించే జీఎఫ్‌పీ_నోఎఫ్‌ఎస్ ఫ్లాగ్‌తో మెమరీ అడిగితే రీక్లెయిమ్ అసలు జరగదు.

జరుగుతుంది. శుభ్రంగా ఉన్న పేజీలను వదిలించుకోవచ్చు, డిస్క్ ఐఓ కూడా చేయవచ్చు. ఫైల్‌సిస్టమ్ కోడ్‌లోకి తిరిగి వెళ్లడం ఒక్కటే నిషిద్ధం. ఐఓనే వద్దనుకునే బ్లాక్ లేయర్‌కు జీఎఫ్‌పీ_నోఐఓ వేరేగా ఉంది.

అపోహ: అనుమానం ఉన్న ప్రతిచోటా నోఎఫ్‌ఎస్ పెట్టేస్తే నష్టమేముంది?

అన్నిటికన్నా మొండి అపోహ ఇదే. పక్క ఫంక్షన్‌లో ఉంది కదా అని కాపీ కొట్టి పెట్టిన నోఎఫ్‌ఎస్‌లకు లెక్క లేదు. అడిగింది నోఎఫ్‌ఎస్ అయితే ఐనోడ్, డెంట్రీ కాష్‌లను కుదించే ష్రింకర్ ఏ పనీ చేయకుండా వెనుదిరుగుతుంది. మెమరీలో పెద్ద భాగం ఆ కాష్‌లలోనే ఉన్నప్పుడు ఈ రీక్లెయిమ్ వల్ల ఒరిగేది స్వల్పం. మొత్తం యంత్రంలోనే మెమరీ అయిపోతే నోఎఫ్‌ఎస్ అభ్యర్థన, ప్రాసెస్‌ను చంపి మెమరీ విడిపించే ఓఓఎమ్ కిల్లర్‌ను కూడా లేపదు, మరెవరో మెమరీ విడిపిస్తారని ఎదురుచూస్తుంది. అందరూ నోఎఫ్‌ఎస్సే అడుగుతుంటే ఆ ‘మరెవరో’ ఎవరు?

పైగా ప్రమాదం ఉన్నది మెమరీ అడిగే లైన్‌లో కాదు, ట్రాన్సాక్షన్ తెరిచిన చోట. లోపల పిలిచే ఏ సాధారణ లైబ్రరీ ఫంక్షనో ఈ నిషేధం లేని జీఎఫ్‌పీ_కెర్నెల్‌తో అడిగితే మన జాగ్రత్తంతా వృథా. అందుకే 2017లో, లినక్స్ 4.12లో, మిఖాల్ హోత్స్కో ప్రతిపాదించిన పద్ధతి వచ్చింది. ట్రాన్సాక్షన్ మొదట్లో మెమాలక్_నోఎఫ్‌ఎస్_సేవ్, చివర్లో రీస్టోర్ పిలిస్తే చాలు, ఆ మధ్యలో ఆ థ్రెడ్ ఏం అడిగినా అది నోఎఫ్‌ఎస్ కిందే లెక్క. ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వాడే జర్నల్ లేయర్ జేబీడీ2, హ్యాండిల్ తెరిచేటప్పుడే ఈ పని చేసేస్తుంది. సేవ్, రీస్టోర్‌లను ఒకదాంట్లో ఒకటిగా పిలిచినా పాత స్థితి చెడదు. ఎందుకు పెట్టారో పక్కనే కామెంట్ రాయడం తర్వాత చదివేవాళ్లకు మేలు.

అపోహ: సేవ్, రీస్టోర్ మధ్య జరిగే ప్రతి పనికీ రక్షణ ఉంటుంది.

సేవ్ పెట్టే గుర్తు ఉండేది ఆ థ్రెడ్ టాస్క్ ఫ్లాగుల్లో. పనిని వర్క్‌క్యూకు అప్పగిస్తే దాన్ని చేసేది వేరే థ్రెడ్, గుర్తు దాని వెంట వెళ్లదు.

అపోహ: లాక్‌ల క్రమాన్ని తనిఖీ చేసే లాక్‌డెప్ హెచ్చరిస్తే వెంటనే నోఎఫ్‌ఎస్ తగిలించాలి.

లాక్‌డెప్ రీక్లెయిమ్‌ను ఒక లాక్ లాగా భావించి, డెడ్‌లాక్ నిజంగా జరగకముందే క్రమం తప్పిందని చెబుతుంది. టెస్టింగ్ కెర్నెల్‌లో దాన్ని ఆన్ చేయకుండా ఫైల్‌సిస్టమ్ కోడ్ రాయడం సాహసమే. కానీ రెఫరెన్స్ ఉన్న ఐనోడ్ రీక్లెయిమ్ చేతికి చిక్కదన్న సంగతి దానికి తెలియదు, కాబట్టి ఒక్కోసారి లేనిపోని గోల చేస్తుంది. ఆ గోల ఆపడానికే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఏళ్ల తరబడి నోఎఫ్‌ఎస్‌లు పేరుకున్నాయి. లాక్‌డెప్‌ను మాత్రమే ఊరుకోబెట్టే జీఎఫ్‌పీ_నోలాక్‌డెప్ ఫ్లాగ్ 2017లోనే వచ్చినా, ఆ పాత నోఎఫ్‌ఎస్‌ల స్థానంలో దాన్ని పెట్టే పని 2024కు గానీ జరగలేదు.