కవాటము మార్చిన పిమ్మట గుండె లయ

శస్త్రచికిత్స చక్కగా జరిగినది, క్రొత్త కవాటము పనిచేయుచున్నది అని విని ఇంటివారు ఊపిరి పీల్చుకొందురు. రెండవనాడో మూడవనాడో వైద్యుడు వచ్చి, “నాడి మందగించినది, పేస్‌మేకరు అవసరము కావచ్చును” అనును. బాగుపడిన గుండెకు మరల ఈ యంత్రమెందులకు? ఎవరివలననైన పొరపాటు జరిగినదా?

పొరపాటు జరుగనక్కరలేదు. గుండె పై గదులనుండి క్రింది గదులకు విద్యుత్ప్రేరణను కొనిపోవు సన్నని కండరపు కట్ట యొకటి కలదు. దానిని 1893లో విల్‌హెల్మ్ హిస్ అను స్విట్జర్లాండు దేశీయుడు వర్ణించెను. ఆ కట్ట బృహద్ధమని కవాటమునకు సరిగా క్రిందుగా పోవుచున్నది. సున్నము పేరుకొని బిరుసెక్కిన పాత కవాటమును తొలగించి క్రొత్తదానిని కుట్టుట యనగా, టెలిఫోను తీగ ప్రక్కనే గొయ్యి త్రవ్వుట వంటిది. 2002లో ఫ్రాన్సులో అలైన్ క్రిబియే రొమ్ము కోయకయే రక్తనాళముగుండా కవాటమును అమర్చెను. ఆ పద్ధతిలో కవాటము విచ్చుకొని గోడను ఒత్తును గనుక పేస్‌మేకరు అవసరము మరికొంత హెచ్చు.

తీగ తెగినదా, చుట్టునున్న కండ వాచి తీగను నొక్కుచున్నదా అనునదే అసలు ప్రశ్న. తెగినచో అది తిరిగి అతుకదు. వాపైనచో కొన్ని దినములలో తీసి, దారి తెరచుకొనవచ్చును.

ఇక్కడనే రక్తపరీక్ష ప్రసక్తి వచ్చుచున్నది. దేహమున ఎచ్చట వాపు కలిగినను కాలేయము సి-రియాక్టివ్ ప్రోటీను అను పదార్థమును విరివిగా తయారుచేయును. 1930లో న్యుమోనియా రోగుల రక్తమున దీనిని కనుగొనిరి. శస్త్రచికిత్స జరిగిన కొన్ని గంటలలోనే ఇది పెరుగనారంభించి, రెండు మూడు దినములకు శిఖరము నందుకొనును. తెల్లకణములలో న్యూట్రోఫిల్ కణములు హెచ్చి లింఫోసైటులు తగ్గును. ఈ లెక్కలనుబట్టి ఎవరికి పేస్‌మేకరు కావలసివచ్చునో ముందుగా చెప్పవచ్చునా అని పరిశోధకులు విచారించుచున్నారు.

ఆశ మంచిదే కాని, పొగ చూచి ఊరిలో నిప్పున్నదనవచ్చును, ఏ ఇంటనో చెప్పలేము. రొమ్ము కోసినను, గాయము చీము పట్టినను, ఊపిరితిత్తులలో నంజు చేరినను ఈ అంకెలు పెరుగును. కావున రక్తపరీక్ష కాగితము చూచి ఇంటివారు బెదరనక్కరలేదు. నిర్ణయము ఇ.సి.జి.దే. శస్త్రచికిత్సకు పూర్వమే కట్ట కుడిశాఖలో అడ్డున్నట్లు ఇ.సి.జి.లో కనబడినచో, అది ఇంతకంటె నమ్మదగిన హెచ్చరిక. పాత ఇ.సి.జి. కాగితములను పారవేయరాదనుట ఇందుకే.

రొమ్ము కోసి చేసిన చికిత్స తరువాత, తాత్కాలికపు తీగలతో గుండెను నడపుచు వైద్యులు సాధారణముగా ఐదు దినములవరకు వేచియుందురు. అది అలసత్వము కాదు. వాపు తీయుటకిచ్చు గడువు. అడ్డు సంపూర్ణమై, గుండె స్వంతముగా కొట్టుకొను వేగము మరీ తక్కువైనచో అంతవరకు ఆగరు. రక్తనాళముగుండా అమర్చినప్పుడు గడువు ఇంకను తక్కువ. ఈలోగా ఇంటివారు వైద్యుని అడుగదగినది రక్తపు అంకె ఎంతయని కాదు. తాత్కాలిక యంత్రమును క్షణకాలము తగ్గించి చూచినప్పుడు గుండె తనంతట తాను నిమిషమునకు ఎన్నిమార్లు కొట్టుకొనుచున్నదని.