సముద్రపు గుఱ్ఱమును ఇంట పెంచుట

అమెరికాలో నివసించు మా పూర్వవిద్యార్థి యొకరు ఈ సంవత్సరము మాకొక జాబు వ్రాసిరి. వారి పిల్లలు సముద్రపు గుఱ్ఱములను గాజుతొట్టిలో పెంచగోరుచున్నారట. అందులకేమి సిద్ధపఱుపవలెనో తెలుపుమని కోరిరి. మేము వ్రాసిన ప్రత్యుత్తరము మన విద్యార్థులకును తలిదండ్రులకును గూడ ఉపయోగపడునని తోచి, దానిని కొంత పెంచి ఇచ్చట ప్రకటించుచున్నాము.

సముద్రపు గుఱ్ఱము పేరునకే గుఱ్ఱము, నిజమునకు చేప. ఆఫ్రికా నదులలోని నీటిగుఱ్ఱము వేఱు, ఇది వేఱు. దీని జాతులు నలుబదికి పైగా కలవు. పొలుసులకు బదులు దీని చర్మము క్రింద ఎముకపలకలుండును. తోక దొరికినదానిని చుట్టి పట్టుకొనును. వీపుమీది చిన్న ఱెక్కను సెకనునకు సుమారు 35 సారులు ఆడించుచు నిలువుగా ఈదును. ఇంత శ్రమపడినను దాని నడక మెల్లనిదే. దీనికి దంతములు లేవు, జీర్ణాశయమును లేదు. కావున తిన్నది త్వరగా వెలుపలికి పోవును, మాటిమాటికి తినవలయును. ఆడుది గ్రుడ్లను మగదాని పొట్టమీది సంచిలో నుంచును. అవి పిల్లలై వెలువడువఱకు మోయునది తండ్రియే. ఈ లక్షణములను మనసున నుంచుకొన్నయెడల తొట్టి యెట్లుండవలెనో తేటపడును.

మొదట తొట్టి. దీనికి ఎత్తు ముఖ్యము. తోక చాచిన గుఱ్ఱపు పొడవునకు మూడురెట్లు నీటిలోతు కావలెను; 15 సెంటీమీటర్ల దానికి 45 సెంటీమీటర్లకు తక్కువ పనికిరాదు. ఏలయనగా, ఆడుమగలు కలిసి నీటిలో పైకి లేచుచుండగానే గ్రుడ్లు సంచిలో చేరును. ఒక జంటకు సుమారు 110 లీటర్లు పట్టు తొట్టి యుండవలెను.

రెండవది నీరు. కలుపవలసినది వంటయుప్పు కాదు. సముద్రలవణములన్నియు గల మిశ్రమము, లీటరునకు సుమారు 35 గ్రాములు. కుళాయినీటిలోని క్లోరినును ముందే తొలగింపవలెను. వేడిమి 22 మొదలు 24 సెంటిగ్రేడు డిగ్రీలు చాలును; మించినచో వ్యాధికారకములైన సూక్ష్మజీవులు ప్రబలును.

మూడవది, అన్నిటికంటె కష్టమైనది, వేచియుండుట. ఈ విషయమున మా తప్పును దాచము. కొన్నియేండ్ల క్రిందట మా విజ్ఞానశాస్త్రపు గదిలో క్రొత్త తొట్టి నింపి, ఆ సాయంకాలమే ఆఱు బంగారుచేపలను విడిచితిమి. నీరు స్ఫటికమువలె నుండెను. వారము తిరుగకమునుపే ఆఱును చచ్చెను. నీటిలో విషము పడినదేమో యని బాలురనిరి. వారన్నది నిజమే, ఆ విషము చేపలనుండియే వచ్చెను. చేపలు విసర్జించు పదార్థములవలన నీటిలో అమ్మోనియా చేరును. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మఱియొక తెగ ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చును. ఇవి వడపోతయంత్రములో నెలకొనుటకు 4 మొదలు 6 వారములు పట్టును. అంతవఱకు కొలదికొలదిగా అమ్మోనియా వేయుచు నీటిని పరీక్షింపవలెను. వేసిన అమ్మోనియా యంతయు మాఱిపోయి, నైట్రైటు కూడ మిగులని దినము వచ్చువఱకు ఏ జీవిని తేరాదు.

నాలుగవది సామగ్రి. ప్రవాహము మెల్లగా నుండవలెను. తోకతో పట్టుకొనుటకు సముద్రపు నాచుగాని కృత్రిమపు పగడపు కొమ్మలుగాని నాటవలెను. యంత్రము నీరు పీల్చు రంధ్రమునకు వల కట్టనిచో తోక అందు చిక్కును. పీతలను, కుట్టు స్వభావముగల జీవులను, వేగముగా తిను చేపలను తోడుంచరాదు.

అయిదవది ఆహారము. మైసిస్ అను చిన్న రొయ్యవంటి జీవిని గడ్డకట్టించి అమ్ముదురు. దానిని కరగించి దినమునకు రెండుమూడు సారులు పెట్టి, మిగిలినదానిని వెంటనే తీసివేయవలెను. ఇంటిల్లిపాది ఊరికి పోవునపుడు ఈ పని యెవరు చేయుదురో ముందే నిర్ణయించుకొనవలెను.

ఇక గుఱ్ఱములను ఎచ్చటనుండి తేవలెను? సముద్రమున పట్టినవి తరచుగా బ్రతికిన యాహారమునే కోరి, అది దొరకక కృశించును. తొట్టెలలో పుట్టిపెరిగినవి గడ్డకట్టిన మైసిసునకు అలవాటుపడినవై యుండును. అట్టివానినే కొనుమని వ్రాసితిమి.

మన దేశమున మాత్రము సంగతి వేఱు. ఎండిన సముద్రపు గుఱ్ఱములను మందులకై విదేశములు కొనుచుండుటచే, మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతముల నుండి వానిని విరివిగా పట్టుచుండిరి. అందుచేత 2001 లో వీనిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోనికి తెచ్చిరి. 2004 మే నుండి వీని అంతర్జాతీయ వర్తకమునకును కట్టుబాట్లు కలవు. కావున మన బాలబాలికలు సముద్రమునుండి వీనిని పట్టి తేరాదు. తీరమున ఎవరైన ఎండినదానిని అమ్మజూపినను కొనరాదు.

మా పాత తొట్టి నేటికిని ఆ గదిలోనే యున్నది. రెండవసారి ఆఱు వారములు దానిని చేపలు లేకయే నిలిపితిమి. "మాస్టరుగారూ, చేపలెప్పుడు తెచ్చెదరు?" అని బాలురు ప్రతిదినము అడిగిరి. ఇప్పుడందులో గప్పీచేపలు తమ పిల్లలతో తిరుగుచున్నవి. ఆ దూరదేశపు పిల్లలకు మేము వ్రాసిన కడపటి మాటయు ఇదియే: అతిథి రాకమునుపే ఇల్లు సిద్ధము చేయుడు; అది సిద్ధమైనదని నీటిపరీక్ష తెలుపువఱకు ఓర్చుకొనుడు.