“కంప్యూటర్‌లో ఒక్కసారి చూసి చెప్పు తమ్ముడూ!”

నేను ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగిని. ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే విభాగంలో పని. ఆ సంగతి తెలిసిన మనవాళ్ల నుంచి ఏడాదికి నాలుగైదు ఫోన్లయినా వస్తాయి. నిరుడు వచ్చిన ఒక ఫోన్ మాత్రం నాకు చాలా రోజులు నిద్ర లేకుండా చేసింది.

చేసింది నేను అన్నయ్యా అని పిలిచే ఆయన. ఇరవై ఏళ్ల కిందట నేను అమెరికా వచ్చిన కొత్తలో మూడు నెలలు ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టిన మనిషి. ఆయన చెల్లెలు హెచ్-4 మీద ఉంది. వర్క్ పర్మిట్ రెన్యువల్ ఎంతకీ రావడం లేదు. పాత కార్డు గడువు తీరితే ఉద్యోగం ఆపేయాలి. “ముందుకు జరపమని అడగడం లేదు తమ్ముడూ. ఒక్కసారి చూసి, ఫైలు ఎక్కడుందో చెబితే చాలు” అన్నారు.

ఎవరైనా డబ్బిస్తామంటే ఆలోచించే పనే లేదు, అది లంచం. రెండు వైపులా న్యాయం ఉన్నప్పుడే అసలు ధర్మసంకటం. ఇక్కడ ఒక వైపు నాకు అన్నం పెట్టిన ఇల్లు. మరో వైపు అదే క్యూలో ఉండి, లోపల ‘మనవాడు’ అంటూ ఎవరూ లేని కుటుంబాలు.

ఇలాంటప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

ఒకటి, రూలు ఏమంటోంది? ఫెడరల్ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1993 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పదవిని సొంత లాభానికే కాదు, స్నేహితుల, బంధువుల లాభానికి కూడా వాడకూడదు. బయటివారికి తెలియని సమాచారాన్ని ఎవరి సొంత ప్రయోజనానికీ ఇవ్వకూడదు. అంటే “చూడటమే కదా” అన్న మాట చెల్లదు.

రెండు, ఇదే సాయం అడిగిన ప్రతి ఒక్కరికీ చేయగలనా? చేయలేను. అలాంటప్పుడు ఒక్కరికి చేస్తే అది పక్షపాతమే.

మూడు, సంగతులన్నీ తెలిసిన మామూలు మనిషి నన్ను శంకిస్తాడా? నియమావళి కూడా ఈ ప్రశ్న వేసుకోమంటుంది. శంకకు తావుంటే పై అధికారికి చెప్పి, ఆ ఫైలుకు దూరంగా ఉండాలి.

అందుకే నేను చూడలేదు. అలాగని ఫోన్ పెట్టేయనూ లేదు. అందరికీ తెరిచి ఉన్న దారులు చెప్పాను. రసీదు నంబరుతో స్టేటస్ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. తీవ్రమైన ఆర్థిక నష్టం వంటి కారణాలుంటే, ఆధారాలు జతచేసి త్వరగా తేల్చమని అభ్యర్థించవచ్చు. ఒప్పుకుంటారన్న హామీ మాత్రం లేదు. మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు సంతకం చేసిన అనుమతి పత్రం ఇస్తే, వాళ్లు మీ తరఫున అడుగుతారు. మర్నాడు మా పై అధికారికి, ఆ కుటుంబం నాకు దగ్గరివాళ్లని రాసి ఇచ్చాను.

చివరికి కార్డు వచ్చింది. కానీ ఈలోగా ఆమె ఆరు వారాలు జీతం లేకుండా ఇంట్లో కూర్చుంది. అన్నయ్య కొన్ని నెలలు నాతో మాట్లాడలేదు. ఉగాది కార్యక్రమంలో కలిస్తే పలకరించారు గానీ, మునుపటి చనువు లేదు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. అయినా ఆ ఇంటి అన్నం గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

దీపావళి స్వీట్ బాక్సు సంగతీ చాలామంది అడుగుతారు. నిజమైన స్నేహంతో ఇచ్చేదానికి అభ్యంతరం లేదు. ఆఫీసులో పని ఉన్నవాళ్లు ఇచ్చేదైతే ఒకసారికి 20 డాలర్లు, ఏడాదికి 50 డాలర్లు మించకూడదు. నగదు అసలే కూడదు. ఆ పరిమితి లోపలిదైనా, అనుమానానికి తావిచ్చేలా ఉంటే వద్దనడమే మంచిది.

మన పిల్లలు ఇప్పుడు సిటీ హాల్‌లోనూ, కౌంటీ, రాష్ట్ర, ఫెడరల్ ఆఫీసుల్లోనూ చేరుతున్నారు. రేపు ఇలాంటి ఫోన్లు వాళ్లకూ వస్తాయి. అందుకే నాదొక మనవి. మనవాడిని “చూసి చెప్పు” అని అడగకండి. “దారి ఏమిటో చెప్పు” అని అడగండి. మొదటిది అతని ఉద్యోగం మీదికి తెస్తుంది. రెండోదానికి ఎవరైనా సంతోషంగా జవాబిస్తారు.