నెల్లూరు పొయ్యి మీద మనీలా వంట

వంజరం, కొరమీను పక్కన పెడితే పాలబొంత వైపు చూసేవాళ్ళు తక్కువ. రుచి లేక కాదు, ముళ్ళకు భయపడి. ఒక్కో చేపలో 200కు పైగా సన్నముళ్ళుంటాయి. పిల్లలకు తినిపించాలంటే తల్లికి సగం భోజనం టైం ముళ్ళు ఏరడానికే సరిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో మాత్రం ఇదే చేపను బంగూస్ అని నెత్తిన పెట్టుకుంటారు, జాతీయ చేప అని చెప్పుకుంటారు. డాగూపాన్ ఊళ్ళో ఏటా దీని పేరు మీద ఉత్సవమే జరుగుతుంది.

మెడిసిన్ చదువుకు పిల్లల్ని దావావ్‌కో మనీలాకో పంపిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మొదటి ఏడాది ఆవకాయ జాడీ లేనిదే విమానం ఎక్కని పిల్లలు, తర్వాత సెలవులకు వచ్చినప్పుడు వంటింట్లో వెనిగర్ సీసా కోసం వెతుకుతారు. నెల్లూరు తీరంలో ఆ సరదా తీర్చడం పెద్ద కష్టమేమీ కాదు. చేప, రొయ్య, బియ్యం, కొబ్బరి, చింతపండు, అరటాకు... ఫిలిప్పీన్స్ వంటకు కావలసినవి చాలావరకు సంతలోనే దొరుకుతాయి.

చిక్కంతా కారం దగ్గరే. మన పులుసులాగే వాళ్ళ సినిగాంగ్ కూడా చింతకాయ పులుపుతో కాచేదే. పచ్చి చింతకాయలు ఉడకబెట్టి, పిసికి, ఆ రసంలో చేపో రొయ్యో వేసి, ముల్లంగి, బెండకాయ, వంకాయ, చివర్లో తూటికూర కలుపుతారు. నూనె లేదు, తాలింపు లేదు, మిరప్పొడి అసలే లేదు. మామిడికాయ ముక్కలు వేసి, నూనె పైకి తేలేదాకా కాచి, మర్నాటికి ఉంచుకుని తినే నెల్లూరు చేపల పులుసు అలవాటైన నాలుకకు ఇది చప్పటి చారులా తోస్తుంది. దాన్ని మన పులుసుతో పోల్చి తింటే నిరాశే మిగులుతుంది. జ్వరం తగ్గాక తాగే చారు అనుకుని వేడివేడిగా తాగితే మాత్రం బాగుంటుంది. పక్కన చేపల సాస్‌లో పచ్చిమిరపకాయ చిదిమి పెట్టుకోవడం వాళ్ళకూ ఉంది కాబట్టి కారం ప్రియులు అక్కడ కాస్త ధారాళంగా వేసుకోవచ్చు.

పాలబొంతను లొంగదీసే కిటుకు కూడా వాళ్ళ దగ్గరే ఉంది. చేపను పొట్ట వైపు కాకుండా వీపు వైపు చీల్చి పుస్తకంలా తెరుస్తారు. నడిముల్లు తీసేశాక కండలో ఇరుక్కున్న సన్నముళ్ళను పట్టకారుతో వరుస వెంట వరుస లాగేస్తారు. ఓపిక కావాలి, అలవాటైతే చెయ్యి దానంతటదే పోతుంది. ఆ తర్వాత దంచిన వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు, వెనిగర్ పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే వేయిస్తారు. వెల్లుల్లి వేసి వేయించిన రాత్రి అన్నం, ఒక గుడ్డు తోడైతే అదే వాళ్ళ పొద్దుటి టిఫిను. చద్దన్నంలో నిన్నటి పులుసు కలుపుకునే ఇళ్ళలో దీన్ని ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ చేప పాచి తిని పెరుగుతుంది, ఉప్పునీళ్ళనూ మంచినీళ్ళనూ ఓర్చుకుంటుంది. దీని పెంపకం మీద ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో దగ్గర తిగ్బవాన్‌లో 1973 నుంచి ఒక పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. మన దేశంలో చాలాకాలం చేపపిల్లల్ని తీరం వెంబడి, అలివిల్లో పట్టుకొచ్చి పెంచడమే. 2015లో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ వీటిని తొలిసారిగా హేచరీలో పుట్టించింది. తెల్లమచ్చ జబ్బుతో చేతులు కాల్చుకున్న రొయ్యల గుంటల రైతుకు ఇదొక దారి. కానీ కొనేవాడు ముళ్ళకు జడుస్తున్నంత కాలం రైతు మాత్రం ఏం పెంచుతాడు? ముళ్ళు తీసి అమ్మే అంగడి ఒకటి ముందు రావాలి.

మన తీరానికీ ఆ దేశానికీ వంట చుట్టరికం కొత్తదేమీ కాదు. 1762 జులై, ఆగస్టుల్లో మద్రాసు నుంచి బ్రిటిష్ ఓడలు మనీలా మీదికి కదిలాయి. వాటిలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలూ ఉన్నారు. అక్టోబరులో మనీలా లొంగిపోయింది. 1764లో బ్రిటిష్ వాళ్ళు వెనక్కి మళ్ళినప్పుడు కొందరు సిపాయిలు ఓడ ఎక్కలేదు. మనీలా పక్కనున్న కైంతాలో స్థిరపడి అక్కడి ఆడపిల్లల్నే పెళ్ళాడారు. వేరుశనగ ముద్దతో చిక్కగా వండే కరే-కరే వాళ్ళ చేతి వంటేనని అక్కడ చెప్పుకుంటారు. కథకు రుజువు అడిగితే కష్టమే గానీ, కూర మాత్రం మనకు పరాయిగా ఉండదు. వాళ్ళు గొడ్డు తోక, పొట్ట వేస్తారు, మన ఇంట్లో బోటీతో చేసుకోవచ్చు. నంజుకోవడానికి ఊరవేసిన చిన్న రొయ్యల ముద్ద ఉండి తీరాలి.

అదే కైంతా ఇప్పుడు బియ్యపు పిండివంటలకు పేరుమోసింది. సుమాన్, బిబింకా, లాతిక్ అని మూడింటి పేర్లూ కలిపి సుంబింగ్‌తిక్ అని పండగ కూడా చేస్తారు. నెల్లూరు ఇంట్లో ముందు గెలిచేవి ఇలాంటివే. బియ్యప్పిండి ఉండలు, సగ్గుబియ్యం, చిలగడదుంప, పనసతొనలు కొబ్బరిపాలలో ఉడికించే బిలో-బిలో గిన్నె ముందు పెడితే, పాలతాలికలు తిని పెరిగిన వాళ్ళు పేరు అడక్కుండానే రెండోసారి వేయించుకుంటారు. వాళ్ళు వాడేది జిగురు బియ్యం. మన తడిపిండికి అంత సాగుడు రాదు, మరుగునీళ్ళతో పిండి కలిపితే ఉండలు విరగవు.

బిబింకా కొంచెం పనిపెట్టేదే. మట్టిమూకుట్లో అరటాకు పరిచి, బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర కలిపిన జారు పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. డిసెంబరు 16 నుంచి 24 దాకా తెల్లవారుజామున జరిగే క్రిస్మస్ పూజల తర్వాత చర్చిల బయట వేడివేడిగా అమ్ముతారు. పైన వేసే ఉప్పు బాతుగుడ్డు ముక్కలే దాని ప్రత్యేకత. కోతలయ్యాక వరిమళ్ళలో బాతుల మందలు తిరిగే జిల్లాలో గుడ్లకేం కరువు? చిక్కటి ఉప్పునీళ్ళలో మూడు నాలుగు వారాలు నానాలి కాబట్టి, క్రిస్మస్‌కు తినాలంటే నవంబరు ఆఖర్లోనే జాడీ సిద్ధం చేసుకోవాలి.