పిల్లలకు చందమామ పాఠము



చంద్రుడు పూర్ణిమ పిమ్మట దినదినము తరుగుటకు హేతువేమని బడిపిల్లవాని నడిగినచో, భూమి నీడ పడుటచేత నని తరచుగా బదులు చెప్పును. పెద్దలలోను అట్లు తలచువారు లేకపోలేదు. అది పొరపాటు. దానిని పిల్లల కన్నులతోను చేతులతోను ఎట్లు దిద్దవచ్చునో, అందు మీరు చేయదగిన సాయమేమో నేడు మనవి చేసెదను.

మొదటి పని చూచుట. అమావాస్య గడచిన పిమ్మట నెలవంక కనబడు సాయంకాలము పిల్లలను పడమటి దిక్కుగా నిలుపవలెను. కొత్తూరు, షంషాబాదు ప్రాంతములందు రహదారి దీపములును, 2008లో తెరువబడిన విమానాశ్రయపు దీపములును రాత్రియంతయు వెలుగుచుండును. ఆ వెలుతురు చిన్న చుక్కలను మరుగుపరచునేగాని చంద్రుని మరుగుపరుపజాలదు. ప్రతి పిల్లవాడును ఒక నెల దినములు చంద్రుని రూపమును, కనబడిన దిక్కును, వేళను తన పుస్తకమున గీచి, ప్రక్కన తిథి వ్రాయవలెను. ఆ తిథి చెప్పవలసినవారు మీరు. చంద్రోదయము దినమునకు సుమారు రెండు గడియలు వెనుకబడుచుండును గనుక, బహుళ పక్షమున పిల్లలు నిద్రించిన పిమ్మట చంద్రుడు పొడచూపును. అప్పుడు ఉదయము బడికి పోవు వేళ పడమటి మింట చూపవలెను. పగటివేళ చంద్రుడు కనబడుననుటయే కొందరు పిల్లలకు క్రొత్త సంగతి.

శుద్ధ అష్టమినాటి సాయంకాలము వారినొక ప్రశ్న అడుగుడు. సూర్యుడు పడమట క్రుంకుచున్నాడు. చంద్రుడు నడినెత్తికి సమీపమున సగము వెలుగుచున్నాడు. సూర్యుడు పడమట నున్నప్పుడు భూమి నీడ ఏ దిక్కునకు పోవును? తూర్పునకు. చంద్రుడు అక్కడ లేడు గదా! ఇక ఆ సగము చీకటి భూమి నీడ యెట్లగును? ఈ ప్రశ్నకు పిల్లవాడు తానే బదులు వెదకుకొన్న నాడు పాఠము సగము ముగిసినట్లే.

మిగిలిన సగము బడిగదిలో జరుగవలెను. తలుపులు మూసి, గదిలో ఒక్క దీపము నుంచవలెను. మట్టియుండకు సున్నము పూసి పుల్లకు గ్రుచ్చిన అదియే చంద్రుడు. పిల్లవాని తల భూమి, దీపము సూర్యుడు. పిల్లవాడు ఉండను చేయి చాచి తలకన్న కొంచెము ఎత్తున పట్టి, దీపమునకు ఎదురుగా నిలిచినచో చీకటి వైపే కనబడును, అది అమావాస్య. మెల్లగా ఎడమకు తిరిగినచో కుడి యంచున నెలవంక పుట్టును. పావు చుట్టు తిరుగునప్పటికి అష్టమి. దీపమునకు వీపు పెట్టునప్పటికి పూర్ణిమ. ఉండలో సగము ఎల్లప్పుడును వెలుగుచునే యున్నది. మనకు కనబడు భాగమే మారుచున్నది. ఈ మాట వినుట వేరు, తిరిగి చూచుట వేరు.

ఇప్పుడు ఉండను కొంచెము దించి పట్టుమనుడు. పూర్ణిమ స్థానమున తల నీడ ఉండపై పడును. అదియే చంద్రగ్రహణము. ప్రతి పూర్ణిమకు గ్రహణమేల రాదని పిల్లలు తప్పక అడుగుదురు. చంద్రుని మార్గము భూమి మార్గమునకు సుమారు 5 డిగ్రీలు వాలియున్నది. అందుచేత పెక్కు పూర్ణిమలయందు చంద్రుడు నీడకు పైగానో క్రిందుగానో దాటిపోవును. దూరము తెలియుటకు ఒక బత్తాయిని భూమి యనుకొనుడు. పెద్ద రేగుపండు చంద్రుడగును. ఆ రెంటి నడుమ సుమారు ఐదు మూరల యెడముంచవలెను. అంత దూరమున అంత చిన్న వస్తువు నీడకు తప్పుట వింత కాదు.

1980 ఫిబ్రవరి 16వ తేదీన వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణమును ఈ రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూరు వేధశాలలో పండితులు పరిశీలించిరి. నాడు ఇండ్ల తలుపులు మూసికొన్నవారు మీలో నుండవచ్చును. సూర్యగ్రహణమును వట్టి కన్నులతో చూడరాదు, కన్నులు చెడును. చంద్రగ్రహణమున కట్టి భయము లేదు. ఆ భేదమును పిల్లలకు చెప్పి, చంద్రగ్రహణమునాడు వారిని వాకిటికి పిలువుడు.

మరొక సంగతి. చంద్రయాన్-3 నుండి విక్రమ్ అను వాహనము 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగినది. నాడు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. చంద్రునిపై ఒక పగలు మన లెక్కకు సుమారు పదునాలుగు దినములు. యంత్రములు ఎండతో నడచును గనుక, దిగు తావున తెల్లవారిన కొలది కాలములోనే దిగవలసి వచ్చెను. శుద్ధ పక్షమున చంద్రబింబముపై వెలుగు దినదినము ప్రాకుట మనము చూచుచున్నాము గదా, అదియే అక్కడి సూర్యోదయము!

కాబట్టి మీ తిథి జ్ఞానము పాతబడినది కాదు. ఉపాధ్యాయునికి దీపమును మట్టియుండయు కలవు. ఏ నాడు, ఏ వేళ, ఏ దిక్కున చూడవలెనో మీకు తెలియును. ఈ రెండును కలియనిచో పిల్లవానికి తిథి గోడమీది అంకెగాను, చంద్రుడు పుస్తకములోని బొమ్మగాను మిగిలిపోవును. రాబోవు విదియనాడు మీ మనుమని చేయిపట్టి వాకిట నిలుపుడని నా ప్రార్థన.