యార్డు లైసెన్సు భద్రం... మరి కంప్యూటర్‌ది?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనాలంటే లైసెన్సు ఉండాలని ప్రతి వ్యాపారికీ తెలుసు. దాన్ని బీరువాలో భద్రంగా దాచుకుంటారు. అదే ఆఫీసులో లెక్కలు రాసే టాలీ, కంప్యూటర్‌ను నడిపే విండోస్ లైసెన్సుల సంగతి అడిగితే మాత్రం ‘కంప్యూటర్ పెట్టిచ్చిన అబ్బాయికి తెలుసు’ అనే జవాబే తరచూ వినిపిస్తుంది. పత్తి సీజన్లో బిల్లింగ్ ఆగిపోయాక కంగారుపడే కన్నా, ఈ అపోహలను ఇప్పుడే వదిలించుకోవడం మేలు.

అపోహ: డబ్బిచ్చి కొన్న కంప్యూటర్‌లో ఉన్నవన్నీ మనవే.
వాస్తవం: యంత్రం కొనడం వేరు, అందులోని సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే అనుమతి కొనడం వేరు. ‘యాక్టివేటెడ్’ అని కనిపిస్తే సరిపోదు, లైసెన్సు లేకుండా నడిపించే ‘క్రాక్’ వేసినా అలా కనిపించవచ్చు. బిల్లులో విండోస్ పేరు ఉందేమో చూడండి.

అపోహ: కంప్యూటర్ మారిస్తే విండోస్ మళ్లీ కొనాల్సిందే.
వాస్తవం: అది లైసెన్సు రకాన్ని బట్టి ఉంటుంది. కంప్యూటర్‌తో పాటే వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ యంత్రంతోనే సరి. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు.

అపోహ: టాలీ ‘ఎడ్యుకేషనల్ మోడ్’లోకి వెళ్తే లెక్కలు పోయినట్టే.
వాస్తవం: లెక్కలు ఎక్కడికీ పోవు. లైసెన్సు అందనప్పుడు టాలీ నెలలో 1, 2, 31 తేదీల ఎంట్రీలే తీసుకుంటుంది. సీరియల్ నంబరు, రిజిస్టరైన మెయిల్‌తో మళ్లీ యాక్టివేట్ చేస్తే మామూలుగా నడుస్తుంది. కంప్యూటర్ మార్చే ముందు పాతదాంట్లో లైసెన్సును ‘సరెండర్’ చేయాలి. రిజిస్టరైన మెయిల్ యజమానిదే అయి ఉండాలి. పని మానేసిన గుమాస్తాదైతే, అవసరానికి అతని కోసం ఊరంతా వెతకాలి.

అపోహ: చిన్న ఆఫీసులో క్రాక్ వాడితే ఏమీ కాదు.
వాస్తవం: కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా. పైగా క్రాక్ వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేయమంటారు. ఆ సందులోంచి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ వైరస్ దూరితే ఏళ్ల నాటి ఖాతాలకు తాళం పడుతుంది.

అపోహ: అసలుది కొనే స్తోమత లేకపోతే దొంగ కాపీయే గతి.
వాస్తవం: లేఖలు, పట్టికలు చేసుకునే లిబ్రేఆఫీస్ ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. తెలుగులో బిల్లులు, కరపత్రాలు వేసుకోవడానికి రామభద్ర, మండలి, మల్లన్న వంటి ఫాంట్లు కూడా ఉచితంగానే దొరుకుతాయి.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బివ్వడం న్యాయం కూడా. నేతగాళ్ల కష్టానికి తగిన కూలి దక్కాలని 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. ప్రోగ్రాము రాసేవారిదీ కష్టమే, వారికీ కూలి దక్కాలి. కాబట్టి ప్రతి కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, దాని సీరియల్ నంబరు, మెయిల్ ఏమిటో ఒక పుస్తకంలో రాయండి. బిల్లులు జతచేసి, యార్డు లైసెన్సు పక్కనే ఆ పుస్తకాన్నీ దాచండి.