రెండు పందెములు ఒకటైన తరువాత

చక్రములు బయటికి కనబడుచు, ఒక్కడే కూర్చుండుటకు వీలైన పందెపు కార్లను 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగరు ఒడ్డున మనవారనేకులు చూచియుందురు. అవి విద్యుత్తుతో నడచునవి. ఇంజనుతో నడచు అట్టి కార్లకు అమెరికాలో ఇండియనాపొలిస్ నగరము పుట్టినిల్లు వంటిది. అచ్చటి 500 మైళ్ల పందెము 1911లో ఆరంభమైనది. దాని నాశ్రయించిన క్రీడ 1996లో రెండుగా చీలి, పండ్రెండేండ్లకు మరల నొకటైనది. కలిసినంత మాత్రమున పోయిన జనము తిరిగి వచ్చునా?

చీలికకు ముందు ఈ పందెములలో పెక్కింటిని కార్ట్ అను సంఘముగా నేర్పడిన జట్ల యజమానులే నడుపుచుండిరి. ఇండియనాపొలిస్ మైదానము మాత్రము వారిది కాదు. ఖర్చులు మితిమీరినవనియు, స్వదేశపు డ్రైవర్లకు చోటు తగ్గినదనియు తలచి, మైదానాధిపతి టోనీ జార్జి ఇండీ రేసింగ్ లీగు అను వేరు పోటీని పెట్టెను. 1996 పందెమున 33 స్థానములలో 25 తన లీగువారికే కేటాయించెను. కార్ట్ వారు అలిగి, అదే దినమున మిషిగన్‌లో తమ పందెము తాము జరుపుకొనిరి. ప్రఖ్యాతమైన పందెము ఒకచోట, ప్రఖ్యాతులైన డ్రైవర్లు వేరొకచోట! పెండ్లిపందిరి ఒక ఊర, పెండ్లికొడుకు మరియొక ఊర నున్నట్లయినది. ఆ కాలముననే, మామూలు కార్లను పోలిన బండ్లతో జరుగు నాస్కార్ పందెములు ప్రేక్షకులను, ప్రకటనదారులను తమవైపు త్రిప్పుకొనెను.

కార్ట్ సంస్థ 2003లో దివాలా తీసెను. దాని శేషము చాంప్ కార్ అను పేర కొంతకాలము నడచి, 2008 ఫిబ్రవరిలో లీగుతో కలిసిపోయెను. అప్పటికే కుదిరిన తేదీలు మార్చుటకు వీలులేక, ఏప్రిల్‌లో ఒకే వారాంతమున జపానులో నొకటి, కాలిఫోర్నియాలో నొకటి పందెములు జరుపవలసి వచ్చెను. పత్రములమీద సంధి కుదిరినంత సులభముగా పని కుదరదు కదా!

ఇచ్చట రేడియో సంగతి చెప్పక తప్పదు. ఇండియనాపొలిస్ మైదానమునకు 1952 నుండి స్వంత రేడియో ప్రసారశాఖ కలదు. స్థానిక టెలివిజనులో ప్రత్యక్ష ప్రసారము నిషిద్ధమైనందున, ఆ నగరవాసులు చిరకాలము పందెమును రేడియోలోనే వినిరి. కంటికి కారు కనబడనప్పుడు శ్రోతకు ఆధారము డ్రైవరు పేరే. పేర్లు పరిచయము లేనిచో వినబడునది ఇంజన్ల రొద మాత్రమే. చీలిక పోగొట్టినది ఈ పరిచయమునే. ఆ పండ్రెండేండ్లలో ఎదిగిన పిల్లలకు తండ్రులు చెప్పదగిన పేర్లు తక్కువ. సంధిపత్రము జట్లను ఒక పట్టికలోనికి తేగలిగెను గాని, ఆ పరిచయమును తేలేకపోయెను.

2016లో నూరవ పందెమునకు టిక్కెట్లన్నియు అమ్ముడుపోయెను. కార్ట్ స్థాపకులలో నొకడైన రోజర్ పెన్స్కీయే 2020లో ఆ మైదానమునకును, పోటీకిని యజమాని యయ్యెను. 2025లో ఫాక్స్ టెలివిజను ప్రసారము చేసిన 500 మైళ్ల పందెమును సగటున డెబ్బది లక్షలమంది చూచిరి. 2008 తరువాత అంత సంఖ్య లేదు. దీనిని కలయిక ఫలమనుటకంటె, పదునేడేండ్ల ఓర్పు ఫలమనుటయే న్యాయమని నా యభిప్రాయము. కలయిక లేనిచో ఆ ఓర్పునకును తావుండెడిది కాదు. అయినను, ఆ యేటి తక్కిన పందెములను చూచినవారు ఆ డెబ్బది లక్షలలో స్వల్పభాగమే.